ఏడు తలుపుల సేవ

ఆ శనివారం ఉదయం వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. చర్చి కుర్రకారును వ్యానెక్కించాలి, వృద్ధాశ్రమానికి వెళ్లాలి, ఏడు తలుపులకు రంగు వేయాలి, దీవెనలు అందుకుని చీకటి పడేలోగా తిరిగి రావాలి. పథకం సంఘపెద్దది. మెడలో ఈల వేలాడేసుకుని తిరుగుతాడు కాబట్టి పిల్లలు ఆయనకు కమాండర్ అని పేరు పెట్టారు. ఆ పేరు తనకు తెలియనట్టే ఉంటాడు గానీ, చెవిన పడినప్పుడల్లా ఛాతీ కొంచెం పొంగుతుంది.

కిందటిసారి ఆయన దారి చూపిస్తే వ్యాను వెళ్లి ఎవరిదో పెళ్లి మండపం ముందు ఆగింది. పిల్లలు అక్కడే పాటలు పాడి, భోంచేసి మరీ వచ్చారు. "ఈసారి కూడా తేడా వస్తే యువజనుల బాధ్యత మీ బావమరిదికి ఇచ్చేస్తానండీ" అన్నారు పాస్టర్‌గారు నవ్వుతూ. ఆ నవ్వు కమాండర్‌కు నిద్ర లేకుండా చేసింది. ఎవరికిచ్చినా ఓర్చుకుంటాడు, భార్య తమ్ముడికి తప్ప. పైగా వ్యాను నడుపుతున్నది ఆ తమ్ముడే.

వాళ్లు చేరేసరికి ఆశ్రమం వార్డెనమ్మ పనిమీద బయటికెళ్లింది. పెద్దవాళ్లంతా హాల్లో ప్రార్థనలో ఉన్నారు. వరండా వెంట గదులు సరిగ్గా ఏడు.

"చూశావా, ఫోన్లో ఆవిడ చెప్పిన లెక్కే!" అని కమాండర్ ఈల ఊదాడు. "ఊడదీయండి తలుపులు!"

"ఉన్నచోటే వేస్తే పోలా బావా?" అన్నాడు బావమరిది.

"రంగు కారుతుంది. నీకు స్టీరింగు తప్ప ఇంకేం తెలుసు? ఫొటోలు తియ్యి, పో."

సేవాభావం పొంగిపొర్లుతున్న పిల్లలు క్షణాల్లో తలుపులు ఊడదీసి, మేకులూ బందులూ అన్నీ ఒకే బకెట్లో కుమ్మరించారు. తలుపులు పెరట్లో పరిచి రంగు పూశారు. పూయడం అయ్యీ కాకముందే వాన దంచికొట్టింది. కమాండర్ ఈల మీద ఈల ఊదుతుంటే తలుపులు లోపలికి మోసి, ఒకదాని మీద ఒకటి ఆనించారు. వాన వెలిశాక చూస్తే అవి ఒకదాన్నొకటి కరుచుకుపోయాయి. పట్టి లాగితే ఒక తలుపు రెండోదాని తోలు ఒలుచుకుని వచ్చింది. బిగించబోతే తడికి ఉబ్బి ఏదీ ఏ గుమ్మంలోనూ పట్టలేదు.

అప్పుడే ప్రార్థన ముగిసింది. ముందుగా వచ్చింది రిటైరైన హెడ్‌మిస్ట్రెస్.

"నా గది తలుపేదిరా?"

"ఆరుతోందండి మామ్మగారూ" అన్నాడొక కుర్రాడు, ఒంటినిండా రంగుతో.

ఆవిడ తల తిప్పితే పక్కగదిలో, అప్పుడే హాల్లోంచి వచ్చిన ఒక తాతగారు రేడియో పట్టుకుని కనిపించారు. "ఓహో! తెల్లవార్లూ ఆ డబ్బా మోగించేది మీరేనా?"

"నిద్రలో ఎక్కాలు అప్పజెప్పేది మీరేనా? పదమూడో ఎక్కం తప్పు చెబుతున్నారు!"

ఇద్దరూ వరండాలోకి కుర్చీలు లాక్కుని మరీ మొదలుపెట్టారు. మిగతావాళ్లు చెరో పక్షం చేరారు.

ఇంతలో వార్డెనమ్మ వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఇదేంటండీ! ఎదురు తలుపుకి రంగు వేయమన్నాను కదా!"

"ఏడు తలుపులని కదూ అన్నారు?"

"ఎదురు తలుపండీ! ఇదిగో, ఈ వీధి తలుపు!"

మొత్తం ఆశ్రమంలో చెక్కు చెదరకుండా నిలబడ్డది అదొక్కటే, పాత రంగు పెచ్చులూడుతూ. ఫోనొచ్చినప్పుడు వంటింట్లో మిక్సీ తిరుగుతున్న సంగతి కమాండర్‌కు అప్పుడు గుర్తొచ్చింది.

"బావా, ఫొటోలన్నీ పాస్టర్‌గారికి పంపించా" అన్నాడు బావమరిది. "చూసి ఇటే బయల్దేరారట."

చెప్పినంతసేపు పట్టలేదు, కారు వచ్చి ఆగింది. పాస్టర్‌గారు ఖాళీ గుమ్మాల్ని ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చారు. "ఇవి ఊడదీయమన్నది ఎవరు?"

"వీడేనండీ!" కమాండర్ వేలు బావమరిది మీదికి వెళ్లిపోయింది. "నేను వద్దంటూనే ఉన్నా, వింటేనా?"

బావమరిది బావ మొహం చూసి, ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. పిల్లలందరూ ఈల వైపు చూశారు.

హెడ్‌మిస్ట్రెస్ పోట్లాట ఆపి లేచి వచ్చింది. "నువ్వా బాబూ? చల్లగా ఉండు! మూడేళ్లుగా తలుపేసుకుని గోడలు చూస్తూ కూర్చున్నాం. ఇందాకట్నుంచీ ఈయన్ని తిడుతుంటే ఎంత హాయిగా ఉందో! వాటిని ఇప్పుడప్పుడే బిగించకండి."

"నేనింకా సగమైనా తిట్టలేదు" అన్నారు తాతగారు.

పాస్టర్‌గారి కళ్లు చెమర్చాయి. బావమరిది రెండు చేతులూ పట్టుకున్నారు. "తలుపులు తెరిచేవాళ్లను చూశాను గానీ, తీసేసేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను. రేపటినుంచి యువజనుల్ని నువ్వే చూసుకో." అని కమాండర్ వైపు తిరిగారు. "ఘనతంతా అతనిదేనని మీరే చెప్పారు చూడండి, అదీ పెద్దరికం!"

కమాండర్ ఈల తీసి బావమరిది మెడలో వేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

రాత్రి ఇంటికి చేరేసరికే కబురు భార్యకు అందింది. "నలుగురిలో మా తమ్ముణ్ణి అంతగా పైకెత్తారటగా! మీరు ఎంత మంచివారండీ" అంటూ ఆవిడ మంచినీళ్లు తెచ్చి చేతికిచ్చింది.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ ఆయన్ను మెచ్చుకోవడం అదే మొదలు.