పనిచేస్తే చాలు

ఆ ఉదయం పంతులు వేసుకున్న పథకం చిన్నదే. ఆఫీసుకు వెళ్లి ఒక్క పేరు మార్చాలి, కొనేవాళ్లు వచ్చేలోపు చేతులు దులుపుకోవాలి.

ఆయన బడిపంతులు కాడు. తలుపు తాళాలు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. కనపడ్డవాళ్లందరి తప్పులూ దిద్దుతాడు కాబట్టి ఆ పేరు స్థిరపడింది. ఆ రోజు బయల్దేరేముందే వంటింటి డబ్బాలన్నిటికీ చీటీలు అంటించేశాడు.

"ఏ డబ్బాలో ఏముందో నా చేతికి తెలుసు. మీ చీటీలు ఎవరడిగారు?" అంది భార్య.

"దేనికైనా ఒక పద్ధతుండాలి."

"అంటించేముందు మూత తీసి చూశారా?"

పంతులు చెప్పులేసుకున్నాడు.

ఆయన మంటంతా బావమరిది మీద. ఆమె తమ్ముడు అదే కంపెనీలో తాత్కాలిక ఉద్యోగి. వీళ్లు చేసే తాళంలో గోరంత కంప్యూటరు, దాన్ని నడిపించే లైనక్స్ అనే సాఫ్ట్‌వేర్. గడియ తీసేది, కార్డు చదివేది, గంట మోగించేది, ప్రతి ప్రోగ్రామూ ఒక ప్యాకేజీగా, అంటే విడి మూటగా లోపలికెళ్తుంది. ప్రతిదానికీ ఒక పేరుంటుంది. గడియ వేసి తీసే ప్యాకేజీకి బావమరిది పెట్టిన పేరు 'పనిచేస్తే-చాలు'.

"ఇదీ ఒక పేరేనట్రా?" అని ఆఫీసులో అడుగుపెడుతూనే నిలదీశాడు పంతులు. "ముందు కంపెనీ, తర్వాత వస్తువు, ఆ తర్వాత పని. రాసి గోడకు అంటించానా లేదా?"

"లోపలెక్కడో ఉండే పేరు ఎవరు చూస్తారు బావా? ఇవాళ మన తాళాలు కొనడానికొచ్చే హోటళ్ల మేడం ఒప్పుకుంటేనే నా ఉద్యోగం ఖాయం. ఈ ఒక్కరోజుకి దాని జోలికి పోకు."

"ఉద్యోగం పోతే ఇంకోటి దొరుకుతుంది. పరువు పోతే దొరకదు."

బావమరిది టీకి వెళ్లగానే పంతులు ఆ ప్యాకేజీ పేరు మార్చాడు. 'కంపెనీ-తలుపు-నియంత్రణ'. దాన్ని కొత్తగా తయారుచేసి, మీటింగు గది తాళానికి పంపాడు. పేరు మార్చినప్పుడు ఇది పాతదాని స్థానంలో వస్తోందని ఒక వరుస రాయాలి. రాయకపోతే యంత్రం కొత్త పేరును కొత్త మనిషిగానే లెక్కేస్తుంది, పాతవాణ్ణి పొమ్మనదు. పంతులు ఆ వరుస రాయలేదు. ఊరందరినీ దిద్దేవాడికి తన తప్పు కనపడాలని ఎక్కడుంది?

ఒకే గడియ మీద ఇద్దరు కూర్చున్నారు. పాతవాడు గడియ వేస్తాడు. తాను వేయని గడియ కనబడగానే కొత్తవాడు తీస్తాడు. టక్కున పడింది, టక్కున లేచింది, మళ్లీ పడింది. గదిలో మేనేజరూ, హోటళ్ల యజమానురాలూ ఉన్నారు.

"ఏమండీ, మీ తలుపుకి వెక్కిళ్లా?" అని ఆవిడ అడగడం బయటికి వినిపించింది.

బావమరిది పరుగెత్తుకొచ్చాడు. "ఏం చేశావు బావా?"

"నేనా? నీదే, జిడ్డులా వదలడంలేదు!"

పంతులు ఒళ్లు మండి, పాతదాన్ని తీసెయ్యమని కంప్యూటర్లోంచి తాళానికి ఆదేశమిచ్చాడు. దాన్ని నమ్ముకున్నవి కూడా పోతాయి, సరేనా అని తాళం అడిగింది. కోపంలో చదవకుండానే సరే కొట్టాడు. కార్డు చదివేది పోయింది. గంట పోయింది. లోపలినుంచి తలుపు తీసే మీటా పనిచేయడం మానేసింది. మిగిలిన కొత్తవాడు గడియ వేసుకుని, ఇక ఎన్నటికీ రాని కార్డు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

"తలుపు తియ్యండయ్యా!" లోపల మేనేజరు బాదుతున్నాడు.

"పేరు మాత్రం ఇప్పుడు పద్ధతిగా ఉంది సార్!" అన్నాడు పంతులు.

"నీ పద్ధతి తగలెయ్య!"

"బావా, నీకు దణ్ణం పెడతాను, కుర్చీలోంచి లే," అన్నాడు బావమరిది. తాళాన్ని మొత్తం తుడిచి, నిన్నటి సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. తలుపు తెరుచుకుంది. చెమటలు కక్కుతూ మేడం బయటికొచ్చింది. తన ఉద్యోగం పోయినట్టేననుకుని బావమరిది తల దించుకున్నాడు.

"నన్ను లోపల పెట్టినదాని పేరేమిటి?" అని అడిగిందావిడ.

పంతులు గర్వంగానే చెప్పాడు.

"మరి బయటికి తెచ్చినదాని పేరు?"

బావమరిది నసిగాడు. "పనిచేస్తే-చాలు, మేడం."

"అలసిపోయొచ్చి గది ముందు నిలబడ్డవాడు కోరుకునేదీ అదే కదా. నా హోటళ్లన్నిటికీ ఇదే పెట్టండి. ఆ పేరు తాళం మీద కనపడాలి."

బావమరిది ఉద్యోగం ఖాయమైంది. మేనేజరు గోడ మీది కాగితం చింపేశాడు. ఇకనుంచి ప్రతి ప్యాకేజీ పేరూ 'పనిచేస్తే-చాలు'తోనే మొదలవ్వాలన్నాడు. మార్చే పని పంతులుదే, ఈసారి ఆ ఒక్క వరుసతో సహా.

సాయంత్రం భార్య ఫోన్లో తమ్ముడితో సంబరంగా మాట్లాడుతోంది. పంతులు తన కాఫీ తానే కలుపుకున్నాడు. చీటీ చదివి, పంచదార రెండు చెంచాలు వేసుకున్నాడు.

కాఫీ ఉప్పగా ఉంది కానీ, చీటీ మీద అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.