ఇరుపక్షాలకూ చెరొక దోషి

డోపింగ్ మహమ్మారిని తరిమికొట్టేందుకు 2003లో నంద్యాల, ఆళ్లగడ్డ క్రీడా సంఘాలు చరిత్రాత్మక ఒప్పందం చేసుకున్నాయని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. సొంత బిడ్డల మూత్రాన్ని సొంత ఊరివాళ్లే పరీక్షిస్తే మమకారం అడ్డొస్తుంది కనుక, నంద్యాల సీసాలు ఆళ్లగడ్డవారు, ఆళ్లగడ్డ సీసాలు నంద్యాలవారు పరీక్ష చేయించాలి. ఫలితాలు దాపరికం లేకుండా పంచుకోవాలి. సీసాలను టిఫిన్ క్యారియరులో ఐసు వేసి బస్సు కండక్టరు చేతికిచ్చేవారు. ఆయన వాటిని ప్రయాణికుల కోళ్లకు దూరంగా పెట్టేవాడు. అంతర్జాతీయ ప్రమాణాలకు మనం ఏమాత్రం తీసిపోలేదు.

మొదటి విడతలోనే ఒప్పందం ఫలించింది. చిక్కంతా అక్కడే వచ్చింది. నంద్యాల సంఘాధ్యక్షుల మేనల్లుడు హరి బరువులెత్తే వీరుడు. అతని సీసాలో గుర్రాలకు వేసే మందు దొరికింది. ఆళ్లగడ్డ సీసాల్లో ఏమీ దొరకలేదు.

వెంటనే ఉమ్మడి సమావేశం జరిగింది. మన సీమలో గొడవంటూ జరిగితే కేసులు రెండు పక్కలా సమానంగా పడాలని మీకు నేను చెప్పాలా? నంద్యాల అధ్యక్షులవారు లేచి అన్నారు: "మా పక్క ఒగడు పడినాడు. మీ పక్క ఒగరన్నా పడకుంటే మేము తలెత్తుకోని తిరిగేదెట్లప్పా?"

ఆళ్లగడ్డ కార్యదర్శి నాగార్జున ఆ న్యాయదృష్టికి చలించిపోయి తన జాబితా తెరిచాడు. మొదటివాడు కాంట్రాక్టరు కొడుకు. రెండోవాడు ఎస్సైగారి బామ్మర్ది. మూడో పేరు నాగవేణి, ఎనిమిది వందల మీటర్ల పరుగు. తల్లి ఈరమ్మ మిరపకాయల కోతకు కూలికి పోతుంది. కార్యదర్శి వేలు ఆ పేరు మీద హాయిగా ఆగింది.

నాగవేణి ఆ శుక్రవారమే జాతీయ పోటీలకు పుణె రైలెక్కాలి. సంగతి తెలిసి ఆఫీసుకు పరిగెత్తుకొచ్చింది.

"సార్, నా సీసాలో ఏముండాది?"

"ఏమీ లేదమ్మా," అన్నాడు నాగార్జున. అబద్ధమాడే మనిషి కాడు. "నీ మింద అనుమానం గూడా లేదు. రెండు పక్కలా సమానం కావల్ల, అంతే."

ఇద్దరినీ సమానంగా నిషేధించారు. రైలు వెళ్లిపోయింది, పోటీలు ముగిశాయి. కేసులు పెట్టినట్టే ఎత్తేయడమూ సమానంగా జరగాలి కనుక, పెద్దలు రాజీ చేసి ఇద్దరినీ ఒకే రోజు నిర్దోషులని ప్రకటించారు. నంద్యాలలో సభ పెట్టి ఒకే రంగు శాలువాలు కప్పారు. హరి దండం పెట్టి, సమన్యాయం గురించి పావుగంట మాట్లాడాడు.

నాగవేణి మాత్రం మైకు దగ్గర రెండే ముక్కలు అడిగింది.

"నేను తప్పు చేసింటే ఈ శాలువా ఏల? చేయకుంటే నా రైలు యాడ?"

మైకు ఆపేశారు. చప్పట్లు మాత్రం ఆగలేదు. ముందు వరుసలో కూర్చుని కొడుతున్నది మనమే కదా, మీరూ నేనూ.