పదిహేడో స్టాపులో ఖాళీ కడుపులు

కొవ్వలపర్రు పంచాయతీ ఆఫీసులో చేపల పేగుల్లో ఉండే పురుగులకు బస్సు పాసులు ఇచ్చే కిటికీ మంగళ, శుక్రవారాల్లో పది గంటలకు తెరుస్తారు. మిగతా రోజుల్లో అదే కిటికీ దగ్గర ఇంటి పన్ను కట్టించుకుంటారు. పురుగులు సాధారణంగా స్వయంగా రావు. వాటి తరఫున చెరువు ఆసామి వచ్చి, చెరువు నెంబరు చెప్పి, ఫారం మీద సంతకం పెడితే చాలు. ఫోటో అడగరు. పురుగులన్నీ ఒకేలా ఉంటాయని పైనుంచి సర్క్యులర్ వచ్చింది.

ఒక చెరువులోనే తిరిగే పురుగుకు పాసు అక్కర్లేదు. చేప కడుపులో ఉన్న పురుగు గుడ్లు పెడుతుంది, అవి చేప పెంటతోపాటు బురదలోకి దిగుతాయి. అక్కడ కంటికి ఆనని నీటి నలుసులు ఆ గుడ్లలోంచి వచ్చిన పిల్లల్ని మింగుతాయి. ఆ నలుసుల్ని ఇంకో చేప తింటుంది. అంతే, పిల్ల పురుగు కొత్త కడుపులో దిగి సామాను సర్దుకుంటుంది. షేరాటోలో పక్క వీధికి వెళ్లినట్టన్నమాట. చెరువుల్లో వదలాల్సిన దానికి మూడింతలు చేపపిల్లల్ని వదులుతున్నారు కాబట్టి దూరాలు కూడా ఏమంత ఉండవు. గడప దాటితే ఇంకో గడప.

పాసు కావాల్సింది ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు వెళ్లడానికి. అందుకు బస్సు, సత్తిబాబు మేస్త్రి ముఠా లాగే వల. ఊళ్లో నలభై మూడు చెరువులకూ అదొక్కటే వల. పొద్దున ఒక చెరువులో లాగి, బురద కారుతుండగానే ట్రాలీ ఆటోలో కుప్పగా వేసి, మధ్యాహ్నానికి ఇంకో చెరువులో దించుతారు. బురదలో గుడ్లు, గుడ్లలో ప్రయాణికులు. ఏ వారం ఏ చెరువో ఆఫీసు గోడ మీద నీలం రంగుతో రాసి ఉంటుంది. కొంగలది ప్రత్యేక సర్వీసు, దానికి టైము చెప్పలేమని కింద చిన్న అక్షరాలతో రాశారు.

పదిహేడో స్టాపు నాగదుర్గ చెరువు. అరెకరం ఉంటుంది. ఆమె భర్త ఏడుకొండలు మేత లారీ మీద వెళ్తే వారానికి గానీ రాడు కాబట్టి చెరువు పనంతా ఆమెదే. ఇరవై రెండేళ్ల నాగదుర్గ ఎనిమిదో తరగతితో బడి మానేసింది గానీ, నోటీసు వస్తే చివరి అక్షరం దాకా చదువుతుంది. కిందటేడు ఆమె కూతురు మోక్షితకు పొట్ట కుండలా ఉబ్బింది. డాక్టరు ఒక మాత్ర ఇచ్చాడు. మర్నాడు పొద్దున నాగదుర్గ ఏం చూసిందో ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, భర్తకు కూడా. ఆ రోజు నుంచి ఆమెకు ఒకటే పట్టుదల. తన చేతికింద ఉన్న ఏ కడుపులోనూ పురుగు ఉండకూడదు.

నీళ్లు కాచి చల్లార్చేది. పిల్ల గోళ్లు రెండ్రోజులకోసారి కత్తిరించేది, కత్తిరించడానికి ఏమీ లేకపోయినా. చెరువు కౌలుకు తీసుకున్నాక అడుగు నెర్రెలు విచ్చేదాకా ఎండగట్టి, సున్నం చల్లించింది. బయటి నలుసులు కొట్టుకురాకుండా తూముకు గుడ్డ జాలీ కట్టింది. చేపపిల్లల్ని కొన్నాక పక్కన గుంటలో పదిహేను రోజులు విడిగా పెట్టి, పురిటి బిడ్డల్ని చూసినట్టు చూసి, అప్పుడు చెరువులోకి వదిలింది.

దాంతో ఆమెకు నోటీసు వచ్చింది.

"పదిహేడో నెంబరు చెరువులో పద్దెనిమిది వందల కడుపులు ఖాళీగా ఉన్నట్టు సర్వేలో తేలినది. పురుగులకు నివాసాల కొరత ఉన్న ప్రస్తుత పరిస్థితుల్లో కడుపులను ఖాళీగా ఉంచుట సమంజసం కాదు. శుక్రవారం వచ్చు వలకు సహకరించవలెను."

మంగళవారం ఆమె పిల్లను చంకన వేసుకుని కిటికీ దగ్గరకు వెళ్లింది. గుమాస్తా ధనరాజు మర్యాదస్తుడు. పిల్లకు చాక్లెట్ ఇవ్వబోయాడు. నాగదుర్గ అతని గోళ్లు చూసి వద్దంది.

"శుక్రవారం వల వద్దని కాదండీ. చేపలెంత పెరిగాయో చూసుకోవాలంటే నాకూ వల కావాలి. వచ్చే ముందు ఒక్కరోజు ఎండలో ఆరేస్తే చాలండి."

"ఎండలో ఆరేస్తే అందులో ఉన్నోళ్లు చచ్చిపోతారు కదమ్మా."

"అందుకేనండి."

ధనరాజు కలం ఆపాడు. "అలా రాయమంటారా కారణం? ప్రయాణికుల్ని చంపడానికని?"

"ఆరేయడానికని రాయండి."

"ఆరేయడం మా పరిధిలో లేదమ్మా. మేం పాసులిస్తాం. వల మేస్త్రిది, ఎండ దేవుడిది." అతను ఫారం తిప్పి చూపించాడు. "అభ్యంతరం ఉంటే ఇక్కడ రాయొచ్చు. కింద ప్రయాణికుల అంగీకార సంతకాలు కావాలి."

"పురుగులు సంతకాలెలా పెడతాయండీ?"

"అదే మాకూ ఇబ్బందిగా ఉంది," అన్నాడు ధనరాజు నిజంగానే బాధపడుతూ.

ఆమె అక్కణ్ణుంచి సత్తిబాబు ఇంటికి వెళ్లింది. అతను అరుగు మీద కూర్చుని చిరిగిన వల కట్టుకుంటున్నాడు.

"ఆరేయడమా? ఎండిన వల చేపకి గీసుకుంటది చెల్లెమ్మా. పొలుసు రాలిపోద్ది. పొలుసు రాలిన చేపని ఎవడూ ముట్టుకోడు. తడి వల పట్టు చీరలాగుంటది."

"ఆరాక మళ్లీ మంచినీళ్లలో తడుపుకోవచ్చు కదన్నయ్యా."

సత్తిబాబును ఈ మాట ఇరవై ఏళ్లలో ఎవరూ అడగలేదు. "రోజుకి రెండు చెరువులు. ఆరేసే తీరికేదీ? నేనాగితే నా ముఠాలో పద్నాలుగు మంది కడుపులు ఖాళీ. వాళ్లకి నోటీసెవడిస్తాడు?"

గురువారం మధ్యాహ్నం ముఠా పదహారో చెరువు గట్టున అన్నాలకు కూర్చుంది. నాగదుర్గ గంగాళం నిండా మామిడికాయ వేసిన చేపల పులుసు తెచ్చి దించింది. ఎందుకని ఎవరూ అడగలేదు. అలాంటి పులుసును ప్రశ్నించకూడదు. రెండో వాయికి మాటలు తగ్గాయి, మూడో వాయికి తువ్వాళ్లు పరుచుకున్నారు. గురకలు మొదలయ్యాక ఆమె ట్రాలీలోంచి వలను లాగి, సిమెంటు రోడ్డు మీద బారుగా పరిచింది. మోక్షిత చెప్పులతో చివర తొక్కిపెట్టి నిలబడింది. మే నెల ఎండ. రోడ్డు మీద నీళ్లు చల్లితే ఆవిరి లేచేలా ఉంది. కాసేపటికి వల అప్పడంలా కరకరలాడింది.

సత్తిబాబు లేచి చూశాడు. "ఏంటి చెల్లెమ్మా, మా బస్సు తీసుకెళ్లి రోడ్డు మీద పడేశావు?"

"బస్సు ఉండాల్సింది రోడ్డు మీదే కదన్నయ్యా."

పద్నాలుగు మందీ నవ్వారు. సత్తిబాబు కూడా నవ్వి, పులుసు ఇంకేమైనా మిగిలిందా అని అడిగాడు.

శుక్రవారం వల పదిహేడో స్టాపుకు వేళకు వచ్చింది. మంచినీళ్లలో తడిపి మరీ దించారు. ధనరాజు గట్టు మీద గొడుగు వేసుకుని రిజిస్టరులో "దిగినవారు: లేరు" అని రాశాడు. వలలో బొచ్చె చేపలు ఎగిరెగిరి పడుతుంటే మోక్షిత చప్పట్లు కొట్టింది. నాగదుర్గ పిల్ల గోళ్లు ఈ వారం కత్తిరించకపోయినా ఫర్వాలేదనుకుంది.

పది నలభైకి పదహారో చెరువు వైపు నుంచి ఒక కొంగ వచ్చి చెరువు ఓరన దిగింది. కాళ్లకు ఆ చెరువు బురద ఇంకా తడిగానే ఉంది. నీళ్లలో నాలుగు అడుగులు వేసి, ఒంటికాలి మీద నిలబడి, చుట్టూ చూసింది. నాగదుర్గ చీపురు పట్టుకుని "హుష్! హుష్!" అంటూ గట్టంతా పరిగెత్తింది. కొంగ కంగారు పడలేదు. కాళ్లు కడుక్కోవడం పూర్తయ్యాకే ఎగిరింది.

ధనరాజు రాసింది కొట్టేసి, "ప్రత్యేక సర్వీసు. దిగినవారు: తగినంత మంది" అని దిద్దాడు.

"ఏమనుకోకండమ్మా," అన్నాడు గొడుగు మడుస్తూ. "ఆకాశం మీద గుడ్డ జాలీ కట్టలేం కదా."

ఆ తర్వాత అన్నీ నిబంధనల ప్రకారమే జరిగాయి. తూము జాలీ లోపల కూడా నలుసులుంటాయి, నలుసులకు ఆకలుంటుంది. వానలు పడే నాటికి పద్దెనిమిది వందల కడుపులూ నిండాయి. చేపలు మేత తింటూనే ఉన్నాయి, ఒళ్లు మాత్రం చేయడం లేదు. పంచాయతీ వాళ్లు గట్టు మీద "నూరు శాతం నివాసిత చెరువు" అని బోర్డు పాతారు. పక్క చెరువుల వాళ్లు వచ్చి పలకరించి వెళ్లారు. "ఇన్నాళ్లూ నువ్వేదో తేడాగా ఉన్నావే అమ్మాయ్, ఇప్పుడు మాలో కలిశావు," అని ప్రేమగానే అన్నారు. ఆమె వాళ్లకు టీ ఇచ్చింది, గ్లాసులు రెండుసార్లు కడిగి.

తన చెరువు పురుగుల పాసుల మీద సంతకం పెట్టడానికి ఆమె మళ్లీ మంగళవారం కిటికీ దగ్గరకు వెళ్లింది. సంతకం అయ్యాక ధనరాజు రిజిస్టరు మూయలేదు. పేజీ తిప్పాడు.

"మోక్షిత మీ పాపేనా? మూడేళ్లు. కడుపు: ఖాళీ అని ఉంది."

నాగదుర్గ పిల్లను గట్టిగా పట్టుకుంది. "చేప పురుగులు మనుషులకి రావన్నారండీ డాక్టరుగారు."

"రావమ్మా, రావు. మనుషుల పురుగులది వేరే డిపో. కిటికీ మాత్రం ఇదే." అతను కళ్లజోడు సర్దుకున్నాడు. "పాపను అంగన్‌వాడీకి పంపుతున్నారా?"

"సోమవారం నుంచండి."

"పిల్లలెంతమంది అక్కడ?"

"నలభై రెండు మందంట."

"గది?"

"ఒకటే."

"నీళ్ల బకెట్టు?"

"ఒకటే," అంది నాగదుర్గ. తర్వాత అతను అడగకుండానే, "గ్లాసూ ఒకటే," అంది.

ధనరాజు తలూపి రాసుకున్నాడు. చేపల లెక్కకు వాడిన ఫారమే, పైన చెరువు నెంబరు ఉన్న చోట బడి పేరు రాశాడు. ఇంకో బకెట్టు పెట్టించమని అడగడానికి వేరే ఫారం ఉందా అని నాగదుర్గ అడిగింది. ఉందన్నాడు. అది అయిపోయిందట, అచ్చు వేయించాలట. బడి మాన్పించవచ్చా అని అడగబోయి, ఎనిమిదో తరగతి గుర్తొచ్చి, ఆగిపోయింది.

"మాత్రలు వేస్తార్లెండి ఆరు నెలలకోసారి," అన్నాడు ధనరాజు ఓదార్పుగా, మోక్షిత కడుపు పేరు మీద పాసు చింపి ఇస్తూ. "ఆరు నెలలే. తర్వాత కొత్త పాసు."

సోమవారం పొద్దున నాగదుర్గ పిల్లకు రెండు జడలు వేసి, గోళ్లు కత్తిరించి, సంచిలో పలక, ఎర్ర రంగు స్టీలు గ్లాసు ఒకటి పెట్టింది. అంగన్‌వాడీ ముందు తల్లులంతా వరుసలో నిలబడి ఉన్నారు. టీచరు గ్లాసు తీసి పక్కన అలమరలో పెట్టేసింది. అందరికీ ఒకటే ఉంటే పిల్లల్లో తేడాలు రావంది. తర్వాత చెయ్యి చాపింది.

నాగదుర్గ పాసును కొంగుతో తుడిచి ఇచ్చింది. మడత పడితే చెల్లదని ముందు నిలబడ్డ తల్లి చెప్పింది.