ఏనుగు అట్ట మీద పచ్చచుక్క

ఆ శుక్రవారం పొద్దున షఫీవుల్లా పెట్టుకున్న పని ఒక్కటే. బంగారుపాళ్యం మామిడి గుజ్జు డబ్బాల లేబుళ్ళు పదకొండుకల్లా మిషన్ మీంచి దించేసి, నమాజుకు పోయి, ఇంటికెళ్ళి కడుపునిండా తిని పడుకోవడం. చిత్తూరులో అతని ప్రెస్సుకు ముప్పై ఏళ్ళుగా అన్నం పెడుతున్నది ఆ లేబుళ్ళే. కానీ ఆ వారమంతా అతని చూపు బల్ల మీదున్న ఒక వీడియో గేమ్ డబ్బా మీదే ఉంది.

ఆ గేమ్ చేసింది అతని కూతురు అఖ్సా. బెంగళూరులో ఇద్దరు స్నేహితులతో కలిసి మూడేళ్ళు ఒళ్ళు హూనం చేసుకుంది. దాన్ని డిస్కులకెక్కించి అమ్మేది ఒక పెద్ద కంపెనీ. ఆటలో మామిడితోటల మీదికి ఏనుగులొస్తాయి. ఆడేవాళ్ళు వాటిని నొప్పించకుండా అడవిలోకి మళ్ళించాలి. షఫీవుల్లాకు ఆట సంగతి తెలియదు. అట్ట సంగతి తెలుసు. భూతద్దం పెట్టి చూస్తే ఏనుగు చర్మం మీద ప్రతి ముడతా కనిపిస్తోంది. నాలుగు రంగుల్లో ఒక్కటీ వెంట్రుకవాసి కూడా పక్కకు జరగలేదు. "యా అల్లా, ఇది మనిషి అచ్చేసిందేనా!" అని రోజుకు పదిసార్లు నోరు తెరిచేవాడు. పెళ్ళికార్డుల కోసం వచ్చినవాళ్ళకు కూడా భూతద్దం చేతికిచ్చి మరీ చూపించాడు.

అలా చూసినవాళ్ళలో రేణిగుంటలో సెల్‌ఫోన్ సామాన్లు టోకున అమ్మే ధనంజయ ఒకడు. ఆ పొద్దున మళ్ళీ దిగాడు.

"షఫీ భాయ్, మీ పాప గేమ్ కోసం తిరుపతిలో జనం కొట్టుకుంటా ఉండారు. కంపెనీవోళ్ళు డిస్కులు నాకు పంపినారు గానీ అట్టలు చెన్నైలో ఆలస్యమయినాయంట. ఓ వెయ్యి మీరే ఏసియ్యకూడదా?"

"మా బిడ్డ గేమ్‌కా? అది కూడా అడగాల్నా! ఉండు, పాపకు ఫోన్ చేసి చెప్తా."

"చెప్పొద్దు భాయ్! బజారంతా సూసినాక తెలిస్తే ఎంత సంబరపడతాదో!"

షఫీవుల్లా కరిగిపోయాడు. బల్ల మీది డబ్బా అట్టకే నకలు తీసి అచ్చు ప్లేట్లు చేసుకుని, ఆ రోజు నమాజుకు తప్ప మిషన్ వదల్లేదు. వెనకవైపు మెరిసే స్టిక్కరూ, నెంబర్లూ వద్దని, అవి కంపెనీవాళ్ళు తర్వాత అంటిస్తారని ధనంజయ చెప్పిపోయాడు. అవి తీసేస్తే కింది మూల ఖాళీ పడింది. ఆ ఖాళీ షఫీవుల్లా కంట్లో నలుసై కూర్చుంది. ముప్పై ఏళ్ళలో అతని ప్రెస్సు నుంచి ఏ లేబులూ ఖాళీ మూలతో బయటికి పోలేదు. అలవాటున్న చెయ్యి తన పని తాను చేసేసింది.

పదిహేను రోజులకు అఖ్సా బస్సు దిగి నేరుగా ప్రెస్సుకే వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి.

"అబ్బా, తిరుపతి నిండా మా గేమ్‌కు దొంగ డిస్కులే! మూడో తోట కాడికొచ్చేసరికి ఏనుగు నిలబడిపోతాది, ఇంక కదల్దు. కొన్నోళ్ళేమో మమ్మల్ని తిడతా ఉండారు. అసలుది కొనేవాళ్ళు లేరు. ఇంకో నెల ఇట్లే పోతే మేం ముగ్గురం మూసుకోవాల్సిందే."

షఫీవుల్లాకు ఒళ్ళు మండిపోయింది. "యా దొంగనాయాలు చేసినాడమ్మా ఆ పని?"

"డిస్కు చేసినోడు దొంగే. అట్టేసినోడు మాత్రం ఉస్తాద్!" అంటూ ఆమె సంచిలోంచి డబ్బా తీసింది. "మామూలుగా దొంగది ఇట్టే పట్టుకోవచ్చు. రంగు ఎలిసిపోయుంటాది, అక్షరాలు మసగ్గా ఉంటాయి. ఇది సూడు, మాదానికన్నా బాగుండాది! మావాళ్ళు నోరెళ్ళబెట్టినారు."

ఆ పొగడ్తకు ముందు షఫీవుల్లా ఛాతీ పొంగింది. డబ్బా చేతికందాక ఆ అచ్చు ఎవరిదో గుర్తుపట్టాడు.

"మరి... దొంగదని ఎట్లా కనిపెట్టినారమ్మా?"

"ఎనక్కి తిప్పు."

కింది మూలలో శాకాహారమని తెలిపే పచ్చచుక్క. పక్కనే ముత్యాల్లాంటి అక్షరాలు: 'చల్లని, పొడి ప్రదేశంలో ఉంచవలెను. మూత తెరిచిన ఇరవై నాలుగు గంటల్లోగా వాడవలెను.'

"నేనే ఏసినానమ్మా," అన్నాడు షఫీవుల్లా. "నీకు మేలు చేస్తా ఉండాననుకున్నా."

"నన్నొక్క మాట అడగలేకపోయినావా అబ్బా?"

షఫీవుల్లా ప్లేట్లు, మిగిలిన అట్టలు సంచిలో వేసుకుని, కూతురి చెయ్యి పట్టుకుని పోలీస్ స్టేషన్‌కు నడిచాడు. తన తప్పుకు తానే సాక్ష్యం మోసుకొచ్చిన మనిషిని ఎస్సై లేచి నిలబడి మరీ చూశాడు. సాయంత్రానికల్లా ధనంజయ గోడౌన్‌కు సీలు పడింది. సంగతి బజారుకెక్కింది. ఆ మర్నాటి నుంచి జనం డబ్బా వెనక్కి తిప్పడం, పచ్చచుక్క కనిపిస్తే అంగడివాడి మొహాన కొట్టడం. వారం తిరిగేసరికి వెయ్యింటిలో ఒక్కటీ బజార్లో మిగల్లేదు. తిట్టినవాళ్ళే అసలుది కొనుక్కున్నారు.

అఖ్సా అప్పుడు తండ్రిని కూర్చోబెట్టి అసలు డిస్కు పెట్టింది. మూడో తోటలో ఏనుగు ఆగలేదు. మంచులోంచి నడిచొచ్చి, చెవులు విప్పి, సూటిగా అతని కళ్ళలోకి చూసింది. షఫీవుల్లా కుర్చీలోంచి లేచి రెండడుగులు వెనక్కి వేశాడు. "సుభానల్లా! ఇదంతా నువ్వే చేసినావా తల్లీ?" అట్ట చూసి ఇన్నాళ్ళు మురిసిపోయినందుకు అతనికి సిగ్గేసింది.

ఆ నెలాఖరున కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది: ఇంత గొప్ప అచ్చు తాము ఎక్కడా చూడలేదనీ, ఇకమీదట అసలు అట్టలు షఫీవుల్లానే వెయ్యాలనీ.

ప్రూఫు మాత్రం అఖ్సా మూడుసార్లు చదివింది.