రిబ్కమ్మ బర్రెకు అందిన సలహా

వానకు కరువు రావచ్చు, మేతకు రావచ్చు గాని, రైతుకు సలహాల కరువు మాత్రం రాకూడదని పశుగ్రాస సలహా కేంద్రం పెద్దలు నిశ్చయించారు. (కేంద్రానికి భవనం ఇంకా లేదు. ఫోన్ నంబరు ఉంది.)

ఇచ్చోడ దగ్గరి పల్లెలో రిబ్కమ్మకు ఉన్నది ఒక్క బర్రె. దాని పాలతోనే ఇల్లు గడుస్తుంది. యాసంగిలో మేత జొన్న వేయమని కేంద్రం ఫోన్‌లో చెబితే, శనగ మానేసి జొన్న చల్లింది. చేను మోకాలెత్తు పెరిగేసరికి బోరు ఎండింది. కేంద్రానికి ఫోన్ చేసింది.

"తడి ఇవ్వండమ్మా," అన్నాడు సలహాదారు శ్రీహరి.

"నీళ్లే లేవు గద బిడ్డా!"

"అయితే ఆలస్యం చేయకుండా ఇవ్వండి."

ఒక మధ్యాహ్నం బర్రె తాడు తెంపుకొని ఆ వాడిన జొన్నలో పడి మేసింది. భర్త అబ్రహాం తోలుకొచ్చేలోపే నోట నురగతో కూలబడింది.

"నాము తగిలిందే! వాడిన జొన్న ఇసమైంది. డాక్టర్‌ను తోలుకొస్త," అంటూ అతను బండి మీద ఉరికాడు. రిబ్కమ్మ కేంద్రానికి ఫోన్ కలిపి, పశువుల విభాగం అడిగింది.

"పశువు ఏం తిన్నదమ్మా?" శ్రీహరే.

"జొన్న."

"జొన్న పంటల విభాగమమ్మా."

పంటల విభాగానికి కలిపింది. అక్కడా శ్రీహరే. "సమస్య ఏ పంటకమ్మా?"

"ఏడికి జేసినా నువ్వే ఉంటివి! బర్రె సస్తుంది బిడ్డా, జర చెప్పు!"

శ్రీహరి గొంతు తగ్గించి అన్నాడు. "అవ్వా, మాది హుజూరాబాద్ దిక్కు. మా బర్రె గూడ గిట్లనే పోయింది. డాక్టర్ ఉత్తగస్తె లాభం లేదు. నాము సూది పట్టుకరమ్మను. జల్ది చెయ్!"

ఆమె అబ్రహాంకు ఫోన్ చేసింది. అప్పటికే బయల్దేరిన డాక్టరు వెనక్కి తిరిగి సూది మందు తెచ్చాడు. పొద్దుగూకే వేళకు బర్రె లేచి నిలబడింది. రిబ్కమ్మ దాని మెడ పట్టుకొని ఏడ్చింది.

కేంద్రం ప్రతి సంభాషణనూ రికార్డు చేస్తుంది. విచారణ జరిపి, శ్రీహరిని ఉద్యోగంలోంచి తీసేసింది. నేరం రుజువైంది: సలహా కేంద్రంలో కూర్చుని అతను పనికొచ్చే సలహా ఇచ్చాడు.