మూడో జాడీ

హాల్డెన్ కౌంటీ జాతర కమిటీ తరఫున సమస్త జనులకు తెలియజేయడమేమనగా, మొన్న ఆగస్టులో జరిగిన గింజల ఓటింగు అత్యంత ప్రశాంతంగా, సక్రమంగా, ప్రజాస్వామ్యం ఒంటిమీద గీత కూడా పడకుండా ముగిసింది. గొడవలేమీ జరగలేదు. ఒక ముసలావిడ కాసేపు మాట్లాడింది, అంతే. ఇరవై రెండేళ్ళుగా ఈ కమిటీకి కార్యదర్శిని. ఇంతకన్నా చక్కగా జరగడం నేనెరగను. అయినా ఊళ్ళో గుసగుసలు ఆగడం లేదు కాబట్టి, జరిగింది జరిగినట్టు రాసిపెట్టమని అధ్యక్షులవారు నాకు పురమాయించారు. రాస్తున్నాను.

గింజల ఓటింగంటే ఏమిటో మా అయోవా రాష్ట్రంలో చంటిపిల్లలకి కూడా తెలుసు. జాతరలో పశువుల కొట్టం పక్కనున్న హాల్లో బల్లమీద రెండు గాజు జాడీలు పెడతాం. ఒకదానికి ఎర్రమూత, ఒకదానికి నీలంమూత. వచ్చినవాళ్ళు గిన్నెలోంచి ఒక మొక్కజొన్న గింజ తీసుకుని తమ పార్టీ జాడీలో వేస్తారు, ఆ తర్వాత బహుమతి వచ్చిన గుమ్మడికాయని చూడ్డానికి వెళతారు. చట్టప్రకారం దీనికి పూచికపుల్ల విలువ కూడా లేదు. కానీ ముప్ఫై ఆరేళ్ళుగా ఆగస్టులో ఏ జాడీ నిండితే నవంబరులో ఆ పార్టీయే గెలిచింది. అందుకని అసలు ఎన్నికని మావాళ్ళు పెళ్ళయ్యాక చేసుకునే వ్రతంలాగా చూస్తారు. పీటల మీద కూర్చుంటారు, లేస్తారు.

ఈసారి పోటీ కౌంటీ వ్యవహారాలు చూసే బోర్డులో ఐదో కుర్చీకి. గ్లాడ్‌ఫీల్డ్ కంపెనీవారు మా కౌంటీలో నాలుగువేల ఎనిమిదివందల పందులకు ఒక షెడ్డు కడతామని దయతో ముందుకొచ్చారు. బోర్డులో ఉన్న నలుగురిలో ఇద్దరు వద్దన్నారు, వాళ్ళ ఇళ్ళు గాలివాలున ఉన్నాయి. ఇద్దరు సరేనన్నారు, వాళ్ళవి లేవు. ఇక ఐదోవారు ఎటంటే అటు.

షెడ్డు రాబోయేది ఆర్డిస్ క్నుడ్సన్ ఇంటి ఎదురుగా. మధ్యలో రోడ్డు ఒక్కటే. ఆర్డిస్ ముప్ఫయ్యొక్కేళ్ళు బడిలో వంటమనిషిగా చేసింది. ఈ కౌంటీలో యాభై ఏళ్ళలోపు వాళ్ళందరూ ఆవిడ చేతి బంగాళాదుంప ముద్ద తిని ఎదిగినవాళ్ళే, నాతో సహా. ఆవిడ దగ్గరే చెల్లెలు లోయిస్ ఉంటుంది. లోయిస్‌కి ఊపిరితిత్తులు పాడై, ముక్కులో గొట్టం, పక్కన చక్రాలమీద ఆక్సిజన్ బండ. 'మందులకన్నా మంచిగాలి ముఖ్యం' అని డాక్టరు చెప్పాడట. ఆ మాట పట్టుకుని ఆర్డిస్ రోడ్డుమీద పడింది.

మొదట ఎర్రపార్టీ అభ్యర్థి డ్వైట్ పెట్రాక్ దగ్గరికి వెళ్ళింది. ఆయన ట్రాక్టరెక్కి, వింటున్నది ఆవిడొక్కతే అయినా ఊరందరికీ చెప్పినట్టు చెప్పాడు.

"పంది మన సంస్కృతి! అది కంపు కాదు, స్వేచ్ఛ! ఒక పంది ఎక్కడ ఉండాలో ఇవాళ ప్రభుత్వం చెబితే, మీరెక్కడ ఉండాలో రేపు చెబుతుంది!"

"ఆ పంది ఎక్కడుండాలో చెబుతున్నది కంపెనీ కదయ్యా," అంది ఆర్డిస్.

"కంపెనీ చెబితే అది వ్యాపారం," అని డ్వైట్ ట్రాక్టరు దిగిపోయాడు.

తర్వాత నీలంపార్టీ అభ్యర్థి మార్లీ స్వెన్‌బెర్గ్ దగ్గరికి వెళ్ళింది. మార్లీ చాలా మంచిపిల్ల. ఎవరు ఏడ్చినా తనూ ఏడుస్తుంది. ఆర్డిస్ రెండు చేతులూ పట్టుకుని కూర్చోబెట్టింది.

"మీ బాధ నా బాధేనండీ. ఊరికే వదిలేస్తాననుకున్నారా? షెడ్డు కప్పుమీద సోలార్ పలకలు పెట్టిస్తాను. గోడలమీద బడిపిల్లలచేత సీతాకోకచిలకలు వేయిస్తాను. కంపు మీద అధ్యయన సంఘం వేయిస్తాను, అందులో ఒక కుర్చీ మీలాంటివాళ్ళకి."

"కుర్చీలు మా ఇంట్లోనే ఉన్నాయమ్మా. షెడ్డు ఆపుతావా, ఆపవా?"

"ఆపుతానంటే వాళ్ళు గెలుస్తారండీ."

"వాళ్ళు గెలిస్తే ఏమవుతుంది?"

"అమ్మో, షెడ్డొచ్చేస్తుంది."

"నువ్వు గెలిస్తే?"

మార్లీ కళ్ళు తుడుచుకుంది. "షెడ్డొస్తుంది. కానీ నేను చాలా బాధపడుతూ సంతకం పెడతాను."

పాఠకులు తొందరపడి ఇద్దరూ ఆ తానులో ముక్కలే అనుకోకూడదు. ఇద్దరికీ చాలా తేడా ఉంది. డ్వైట్ గ్లాడ్‌ఫీల్డ్ వారిచ్చిన టోపీ ముందుకి పెట్టుకుంటాడు, మార్లీ వెనక్కి తిప్పి పెట్టుకుంటుంది. కంపెనీవారికి మాత్రం పక్షపాతమన్నది మచ్చుకైనా లేదు. జాతరకి బల్లలు వారివి, బాజా వారిది, మరుగుదొడ్లో కాగితం వారిది, రెండు జాడీలూ వారివే. పుల్లకి గుచ్చిన పందిమాంసం జాతరకొచ్చిన ప్రతివాడికీ ఉచితం. ప్రారంభోత్సవంలో కంపెనీ ప్రతినిధి టెడ్ బ్రూనర్ గారు చెప్పిన మాట నేను మినిట్స్ పుస్తకంలో ఎర్ర సిరాతో ఒకసారీ, నీలం సిరాతో ఒకసారీ రాసుకున్నాను: "మేం ఏ పక్షమూ కాదు. మేం రెండు పక్షాలమూ."

ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారని ఊరికే అన్నారా? జాతరకి పదిరోజుల ముందు, మేం బల్లలు సర్దుతుండగానే ఆర్డిస్ ఇంట్లో దోసకాయ ఊరగాయ పెట్టుకునే జాడీ ఒకటి కడిగి తెచ్చి, దానిమీద తనపేరు రాసి, రెండు జాడీల పక్కన పెట్టింది. తనే పోటీ చేస్తుందట. కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. మూడో జాడీ కూడదని నిబంధనల్లో ఎక్కడైనా ఉందా అని గంటసేపు వెతికాం. లేదు. ఇలాంటి ఆలోచన ఎవరికైనా వస్తుందని నిబంధనలు రాసినవాళ్ళకి తోచలేదు పాపం.

అప్పుడు కంపెనీ లాయరుగారి ఉత్తరం వచ్చి మమ్మల్ని ఒడ్డున పడేసింది. ఓటింగుకి వాడే గింజలు గ్లాడ్‌ఫీల్డ్ వారి సొంత వంగడం. వాటిమీద సర్వహక్కులూ వారివే. జాతరకొచ్చినవాడి చేతికి గింజ రావడం తాత్కాలికమే, పేర్కొన్న రెండు జాడీలలో ఒకదానిలో వేసే నిమిత్తం మాత్రమే. మూడోదానిలో వేస్తే అది దొంగసొత్తు అవుతుంది. కర్ర విరక్కుండా పాము చచ్చిందని మేమందరం తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాం. ఆర్డిస్‌కి వేయాలనుకునేవాళ్ళు ఎవరి గింజ వాళ్ళే ఇంటినుంచి తెచ్చుకోవాలని తీర్మానించాం.

"సరే," అంది ఆర్డిస్. "మీ మొక్కజొన్నలు మీ దగ్గరే ఉంచుకోండి. ప్రతి వంటింట్లోనూ తెల్ల చిక్కుడుగింజలుంటాయి. ఒక్కటి జేబులో వేసుకుని రమ్మని చెబుతాను."

చెప్పింది కూడా. వారంరోజులు కారేసుకుని గడపగడపకీ తిరిగింది. ఎక్కడికెళ్ళినా గౌరవమే. 'నువ్వు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం ఆర్డిస్' అనని ఇల్లు లేదు. ఆ వెంటనే 'కానీ' అనని ఇల్లు కూడా లేదు. నువ్వు గెలవవు కదా, నీకు వేస్తే నీలం ఓడుతుంది కదా, ఎర్ర ఓడుతుంది కదా, మావాడు కంపెనీలో పనిచేస్తున్నాడు కదా, అయినా తప్పకుండా చూస్తాంలే అని ఒక కప్పు కాఫీ ఇచ్చి పంపారు.

ఆవిడకి గట్టిగా అండ దొరకాల్సిన చోటు ఒకటుంది. మా లైబ్రరీ నేలమాళిగలో ప్రతి మంగళవారం ఏడుగురు కలుస్తారు. రెండు పార్టీలూ అమ్ముడుపోయాయనీ, డబ్బున్నవాళ్ళే రాజ్యం ఏలుతున్నారనీ వాళ్ళు పదకొండేళ్ళుగా మండిపడుతున్నారు. ఆర్డిస్ వెళ్ళి అడగ్గానే ఏడుగురూ లేచి చప్పట్లు కొట్టారు. తర్వాత చర్చ మొదలైంది. చిక్కుడుగింజ ఎవరు పండించినదై ఉండాలనే దగ్గర ఇద్దరు అలిగి వెళ్ళిపోయారు. ముగ్గురు ఈ ఒక్కసారికీ నీలానికే వేద్దామన్నారు, వాళ్ళు ప్రతిసారీ ఈ ఒక్కసారికే అంటారు. మిగిలిన ఇద్దరూ ఒక ప్రకటన రాశారు. చాలా బాగుంది. జాతర అయిపోయిన తర్వాతి మంగళవారం విడుదలైంది.

జాతర నాలుగు రోజులూ ఆర్డిస్ జాడీ వెనక మడతకుర్చీలో కూర్చుంది. పక్కనే లోయిస్, ఆవిడ బండ. వాళ్ళకెదురుగా టెడ్ బ్రూనర్ గారు చిరునవ్వుతో మాంసంపుల్లలు పంచుతూ నిలబడ్డారు. గాజుజాడీతో వచ్చిన చిక్కేమిటంటే లోపల ఎన్నున్నాయో అందరికీ కనబడుతుంది. మొదటిరోజు సాయంత్రానికి అడుగున ఐదు గింజలున్నాయి. జనం వచ్చేవాళ్ళు, జేబులో చెయ్యిపెట్టేవాళ్ళు, ఆ ఐదింటినీ చూసేవాళ్ళు, టెడ్ గారిని చూసేవాళ్ళు. చెయ్యి జేబులోంచి మళ్ళీ వచ్చేది కాదు. లోయిస్ ప్రతివాళ్ళనీ చూసి నవ్వేది. ఆ నవ్వుకి దొరక్కుండా తలకాయలు పక్కకి తిప్పి గుమ్మడికాయని ఎంతమంది మెచ్చుకున్నారో లెక్కలేదు.

మూడోరోజు ఆర్డిస్ నన్ను పట్టుకుంది. "ఒరే వెర్న్, నువ్వైనా వెయ్యరా."

"నేను కార్యదర్శినండీ. తటస్థంగా ఉండాలి."

"నీ ఉద్యోగం జోలికి నేను రాలేదురా. నీకేమనిపిస్తోందో అది వెయ్యి. ఇది చచ్చిపోతుందిరా ఆ కంపుకి." చెల్లెల్ని చూపించి మామూలుగానే అంది, వంట గురించి చెప్పినట్టు.

ఈ సంగతి మినిట్స్‌లోకి ఎక్కించలేదు. పని ఉందని చెప్పి వచ్చేశాను.

ఆదివారం లెక్క తేలింది. ఎర్ర పదమూడువందల ఆరు, నీలం పన్నెండువందల ఎనభై ఎనిమిది. చిక్కుళ్ళు నలభై ఒకటి. లెక్కల కాగితం కంపెనీ ధాన్యపు గోదాముది కావడంవల్ల అందులో మూడో అభ్యర్థికి గడి లేదు. అందుకని ఆ నలభై ఒకటినీ 'తాలు, చెత్త' అనే గడిలో రాసి కింద సంతకం చేశాను. మార్లీ ఏడ్చింది, ఆ నలభై ఒక్కరి వల్లే తను ఓడానంది. ఆ నలభై ఒక్కరూ ఎవరో తేల్చాలని నీలంపార్టీవారు ఒక సంఘం వేశారు. షెడ్డు గురించి ఇంత చురుగ్గా సంఘం వేయలేకపోయారు.

గింజల ఫలితం ఎలాగూ తప్పదు కదా, నవంబరు దాకా ఆగడం దేనికని బోర్డులో వద్దన్న ఇద్దరూ కూడా సెప్టెంబరు మొదట్లోనే మెత్తబడ్డారు. కంపెనీవారు పునాది తవ్వడం మొదలెట్టారు.

ఆ వారమే నాలుగు వానలు పడ్డాయి. తర్వాత జాతర మైదానం తాళం తీసి చూద్దును కదా, ఎటుచూసినా పచ్చగా ఉంది. హాలు ద్వారం పక్కన పూలకుండీల్లో, కంచె పొడుగునా, బల్లల కింద, బండ్లు ఆపేచోట, టికెట్ల కిటికీ దగ్గర, ఎక్కడ పడితే అక్కడ చిక్కుడు మొక్కలు. ఎన్నో లెక్కపెట్టి నివేదిక ఇమ్మన్నారు అధ్యక్షులవారు. వంగి లెక్కపెట్టాను. పన్నెండువందలు దాటాక నడుం పట్టేసి ఆపేశాను. ఇంకా సగం మైదానం ఉంది.

సంగతి తెలిసి ఊరంతా చూడ్డానికొచ్చింది. అందరూ బుగ్గలు నొక్కుకున్నారు. "అబ్బ, ఇంతమందున్నారా! ముందే తెలిస్తే నేనూ వేసేవాణ్ణి," అని ఒకరంటే, "నేనూ అంతేనండీ," అని ఇంకొకరు. ఏ మొక్క ఎవరిదో అని మాత్రం ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఒకాయన తన మొక్కని పోల్చుకున్నట్టున్నాడు, బూటుతో మెల్లిగా తొక్కాడు.

సాయంత్రం ఆర్డిస్ వచ్చింది, లోయిస్‌ని చెయ్యిపట్టి నడిపించుకుంటూ. ఇద్దరూ కంచె వెంట చివరిదాకా నడిచారు. తిరిగొచ్చి నా ముందు ఆగింది.

"నీది ఏదిరా?"

అబద్ధం చెబుదామనుకున్నాను. టికెట్ల కిటికీ కింద ఉన్నదాన్ని చూపించాను.

వంగి చూసింది. "బానే ఎదిగిందిరా," అంది.

లోయిస్ ఏదో అనబోయింది, దగ్గొచ్చింది. వాళ్ళింటి ఎదుట పునాది తవ్వుతున్న యంత్రం చప్పుడు ఇక్కడిదాకా వినబడుతోంది. ఆ దగ్గు ఆగేదాకా నిలబడి, ఇద్దరూ వెళ్ళిపోయారు. తర్వాత సోమవారం ఆ మొక్కల్ని కలుపుగా ప్రకటిస్తూ కమిటీ తీర్మానించింది. మందు గ్లాడ్‌ఫీల్డ్ వారు ఉచితంగా కొట్టించారు.

అయితే ఊరికి బుద్ధి రాలేదని ఎవరూ అనుకోకూడదు. నిన్నటి సమావేశంలో చర్చ చాలా వేడిగా సాగింది. వచ్చే ఏడాది మూడో జాడీ మేమే పెట్టాలనీ, ఈసారి అందరం అందులోనే వేయాలనీ, ఆర్డిస్‌కి అన్యాయం జరిగిందని రాతపూర్వకంగా ఒప్పుకోవాలనీ హాల్లో ఒక్కరు కూడా కాదనలేదు. అధ్యక్షులవారు లేచి, దీన్ని తీర్మానంగా ఎవరు ప్రతిపాదిస్తారని అడిగారు. కాసేపు చూశారు. మళ్ళీ అడిగారు. మినిట్స్‌లో ఉన్నది ఉన్నట్టు రాశాను: బలపరచడానికి హాజరైన సభ్యులందరూ సిద్ధంగా ఉన్నారు, ప్రతిపాదించేవారి కోసం ఎదురుచూస్తున్నాం.