తామ్వే ప్రథమద్వార విజయము

స్వస్తి. యాంగోన్ నదీతరంగ శీకర శీతల సమీర సేవితంబును, సువర్ణస్తూప ప్రభాపూరిత గగనమండలంబును అగు యాంగోన్ మహానగరంబున, వానలు వెనుదీసిన కార్తికమాసమున, ఒకానొక ఆదివారము పగలు పదకొండుంబావు గంటల వేళ, సేక్కాన్ రేవు గిడ్డంగుల విశ్రాంత ప్రధానలేఖకుడును, అరువదితొమ్మిదేండ్ల ప్రాయమున సైతము లుంగీ మడత చెదరనీయని ధీరోదాత్తుడును అగు వీరవెంకటసత్యనారాయణ దారుగదాపాణియై గృహద్వారమున నిలిచెను.

ఆ కొయ్యగద గేట్‌బాల్ అను జపాను కందుకక్రీడకు సంబంధించినది. నాలుగు మీటర్ల దూరము నుండి బంతిని కొట్టి, జానెడు వెడల్పు గల ఇనుప కమాను గుండా దాటించినగాని ఆ క్రీడలో ఎవ్వడును ప్రవేశించినట్లు కాదు. మన వీరుడు పది ఆటలలో ఒక్కమారైనను ఆ ప్రథమద్వారమును భేదింపలేదు. నేడును భేదింపనిచో అయిదవ నంబరు బిళ్ళ అదనపు ఆటగాడగు లింగరాజు వక్షస్థలమును చేరునని జట్టునాయకుడు దండాసి ప్రతిన పూనియుండెను. ఆట తామ్వేలో, మూడు గంటలకు.

“తామ్వే అంటే తూరుపు బండిలో గట్టిగా పావుగంట,” అనెను ధర్మపత్ని మణిమాల. “పడమటి బండెక్కి ఊరంతా తిరుగుతానంటారేటి?”

“వినుము, మణిమాలా. వలయాకార లోహపథ మధ్యమున ష్వేడగాన్ స్వర్ణచైత్యము వెలయుచుండ, తూర్పు బండి దానిని ఎడమవైపున విడిచి పోవును. మా వంశమున మూడు తరములుగా అప్రదక్షిణము చేసినవాడు లేడు. సమరమునకేగు దినమున నేను ఆరంభింతునా? మార్గమున నగరసందర్శనమును సిద్ధించును.”

“అయితే మీరొక్కరే సందర్శించండి. మూడు గంటలు ఆ బల్లమీద కూకోడం నా నడుం వల్ల కాదు.”

అంతట నతడు ఏకాకియై, జపాను దేశమున పదవీవిరమణ పొంది ఇచ్చట మరల ఉద్యోగమున చేరిన డీజిలు శకటమును అధిరోహించెను. చిమిండైన్ రేవును, ఇన్‌సేన్ కర్మశాలలను, తూటికూర మడుగులను సమ్రాడ్దృష్టితో పరామర్శించుచు, కుడివైపున బంగారు శిఖరము తోచినప్పుడెల్ల లేచి నమస్కరించుచు, డన్యింగోన్ సంతను చేరెను. అచ్చట శాకసేనావాహిని గవాక్షమార్గమున లోనికురికి, ముల్లంగి కట్టలతో అతనిని మోకాళ్ళ వరకు ముట్టడించెను. ఆ దళమునకు అధినేత్రి వెంకమ్మ.

“ఊలే, బాబాయా, కాళ్ళెత్తి కూకో. సరుకు నలిగిపోతంది.”

“తల్లీ, నేను తామ్వే రణరంగమునకు పోవుచున్నవాడను.”

“తామ్వేకా? ఇటెందుకొచ్చినావు?”

అతడు ప్రదక్షిణధర్మమును సవిస్తరముగా ఉపదేశించెను. బండియు ఆ ఉపదేశమును వినగోరినదో యన, ముప్పావుగంట కదలక నిలిచెను.

“దేవుడికైతే తొందర్లేదు,” అనెను వెంకమ్మ ఆకులపై నీళ్ళు చల్లుచు. “ఆటకి ఉంది గావాల.”

వీరుడు చేతిగడియారమును చూచుకొనెను. అయినను దిగి ఎదురుబండి ఎక్కలేదు. సగము ప్రదక్షిణము చేసి వెనుదిరుగుట అంతకన్న ఘోరపాతకము.

మూడు గంటల ఇరువదియాఱు నిమిషములకు, స్వేదజలాభిషిక్తుడై, లుంగీ అంచున ముల్లంగి ఆకు వ్రేలాడ, అతడు మైదానమున ప్రవేశించెను. అర్ధగంట ఆటలో మిగిలినవి నాలుగు నిమిషములు. లింగరాజు అప్పటికే అయిదవ నంబరు బిళ్ళ నాడాలు ముడివేసికొనుచుండెను.

“ఊ సత్తినారాయణా, తీర్థయాత్ర అయిందేటి?” అనెను దండాసి, పేరుకు ముందు బర్మా మర్యాదగు ‘ఊ’ తగిలించి. “ఒరే లింగరాజూ, బిళ్ళ ఇచ్చీ. ఒక్క దెబ్బే. తప్పితే మళ్ళా నీదే.”

“అయిదు,” అని న్యాయనిర్ణేత పిలిచెను. పది సెకనులు. పూర్వము పదిమారులు ప్రళయకాల భీమసేనునివలె మోది బంతిని మురుగుకాలువ పాలుచేసిన ఆ బాహువులు, మూడు గంటల రైలుకుదుపులచేత క్షీణబలములై, ప్రప్రథమముగా మెల్లగా కదలెను. ఎఱ్ఱబంతి నత్తనడకన దొర్లి, కమాను కుడికాలిని తాకి, ద్వారమధ్యమున నిలిచినట్లే నిలిచి, దిగంతములు ఊపిరి బిగబట్టగా, మరికొంచెము దొర్లి ఆవల ఆగెను.

న్యాయనిర్ణేత వంగి, మోకరిల్లి, చెంప నేలకానించి చూచి, చేయి పైకెత్తెను.

“జట్టు ఓడిపోనాది,” అనెను దండాసి కాలము ముగిసిన పిదప. “నువ్వు మాత్రం లోపలికొచ్చినావు. బిళ్ళ ఉంచుకో.”

ఇట్లు బ్రహ్మాండమున వీరవెంకటసత్యనారాయణుని విజయవైజయంతి, ఇనుప కమానుకు ఆవల సరిగా రెండంగుళముల దూరమున, పచ్చికపై శాశ్వతముగా స్థాపితమయ్యెను.